పూడ్చిన గుంటలు

చచ్చిపోయిన భర్త రోజూ తెల్లవారకముందే వచ్చి ఇసుక తవ్వుతున్నాడని చెప్పడానికి ఆగస్టా పిండర్ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కిన మొదటి మనిషి వెర్నా గాస్కిన్. అంతకుముందు ఆ మెట్లెక్కిన ఆడవాళ్లందరికీ బతికున్న భర్తలతోనే ఇబ్బంది.

అది జనవరి నెల, గురువారం మధ్యాహ్నం. తుఫాను వెళ్లిపోయి పది రోజులు దాటినా లాంగ్ బార్ దీవిని పొగమంచు వదల్లేదు. కిటికీ అవతల వీధి దీపాలు పగలే వెలుగుతున్నాయి. వెర్నా చలికోటు జేబుల్లోంచి చేతులు తియ్యకుండా కుర్చీ అంచున కూర్చుంది. యాభై ఏళ్ల మనిషి. సముద్రపు ఒడ్డున ఎనిమిది గదుల మోటెల్ నడుపుతుంది. స్పెయిన్ రాజుగారి ఓడలు ఏనాడో ఆ తీరాన మునిగాయి కాబట్టి, ఏటా చలికాలం సెలవులకి, ఇసుకలో లోహం ఉంటే కూతపెట్టే మిషన్లు పట్టుకుని బంగారం వెతుక్కోవడానికి వచ్చే ఉత్తరాది జనమే ఆమె గదులు నింపుతారు.

"మా ఆయన రాయిస్ పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులండి," అంది వెర్నా. "తుఫానుకి కోసుకుపోయిన గట్టు మీద మా తమ్ముడు డెల్ లోడర్ బండి తొట్టితో ఇసుక తోస్తున్నాడు. కింద ఆయనున్నాడు. మంచులో కనపడలేదు." అప్పచెప్పిన పాఠంలా చెప్పి ఆగింది.

"ఊరంతా విన్నాం. ముందు సరిగ్గా కూర్చోండి," అంది ఆగస్టా. ఆమెకి అరవై దాటాయి. ముప్పై ఏళ్లు బీమా కంపెనీ తరఫున మునిగిన పడవల్నీ కాలిన ఇళ్లనీ చూసి చూసి, ఏడుపు మొహాల్ని తొందరపెట్టకూడదని నేర్చుకుంది. పక్క బల్ల దగ్గర ఆమె సహాయకుడు క్లైడ్ ఓడమ్ నోట్‌బుక్ తెరిచాడు. ఇతను ఒకప్పుడు ఉత్తరాలు పంచేవాడు. ఇప్పుడు ఆగస్టా తుమ్మినా రాసుకుంటాడని ఊళ్లో వేళాకోళం.

"సోమవారం డెల్ కోర్టుకెళ్తాడు. తప్పు నాదేనని ఒప్పేసుకుంటానంటున్నాడు. లాయరు వద్దంటే వినడు. 'బావ తవ్వుకుంటున్నాడక్కా, బయటికి రావాలని తవ్వుకుంటున్నాడు' అంటాడు. పిచ్చెక్కిందనుకున్నా. తరవాత నేనూ విన్నాను."

"ఏం విన్నారు?"

"తెల్లారుతుండగా మంచులో చర్, చర్ మని చప్పుడు. పార ఇసుకలోకి దిగే చప్పుడు. ముప్పయ్యేళ్లు దాంతోనే నిద్ర లేచాను, నాకు తెలీదా? దిగి చూస్తే మనిషుండడు. గుంటలుంటాయి. పూడ్చేసిన గుంటలు."

"ఎవరైనా పూడుస్తారు కదమ్మా," అన్నాడు క్లైడ్.

అది నిజమే. లాంగ్ బార్‌లో గుంట తవ్వినవాడే గుంట పూడ్చాలి. రాసి పెట్టిన చట్టమేమీ కాదు, అంతకన్నా గట్టిది. తెరిచిన గుంటలో ఏ ముసలాయన కాలో విరుగుతుంది. పూడ్చకుండా పోయినవాణ్ణి మర్నాడు కాఫీ హోటల్లో ఎవరూ పలకరించరు.

"పూడుస్తారు. కానీ ఇవి ఆయన పూడ్చినట్టే ఉన్నాయి," అంది వెర్నా. "ఎడమ కాలితో ఇసుక లాగి, చదును చేసి, పైన మడమతో ఒక్క తిప్పు తిప్పుతాడు. సిగరెట్టు ఆర్పినట్టు. అన్నిటి మీదా ఆ తిప్పు ఉంది."

ఆగస్టా కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆయన వస్తువులన్నీ తిరిగిచ్చారా?"

"మిషనూ, చెవులకి పెట్టుకునేదీ, ఇసుక జల్లించే చిల్లుల పారా ఇచ్చారు. కళ్లజోడు దొరకలేదు. తీసి పారేసిన ఇసుకతో పోయుంటుందన్నారు. అది లేకపోతే ఆయన చెయ్యి ఆయనకే కనపడదు."

"మీకు నేనేం చెయ్యాలి? మీ తమ్ముణ్ణి విడిపించాలా?"

వెర్నా జేబుల్లో పిడికిళ్లు బిగుసుకోవడం కోటు మీంచే తెలిసింది. "సోమవారంలోపు నాకు నిజం కావాలి. ఏదైనా సరే. ఇలా తెలిసీ తెలియకుండా బతకడం నా వల్ల కావడం లేదు."

*

డెప్యూటీ లామర్ క్రూ ఆగస్టాకి పాత పరిచయం. మనిషి మంచివాడే, కష్టపడి ఆలోచించడం మాత్రం గిట్టదు.

"ఏం ఆగస్టా, దయ్యాలు పట్టే పని కూడా మొదలెట్టావట," అన్నాడు.

"బతికున్నవాళ్లు సరిగ్గా చూడకపోతే అదీ నెత్తినేసుకోవాలి మరి. ఫోటోలు ఇలా తే."

ఫోటోలో రాయిస్ గాస్కిన్ మోకాళ్లు ముడుచుకుని బోర్లా పడి ఉన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. చుట్టూ మనుషులు పారలతో పక్కకి లాగిన ఎర్ర ఇసుక. దేశం లోపలి గోతుల్లోంచి లారీల్లో తెచ్చి గట్టు కట్టే ఇసుక అది. శరీరం కింద మాత్రం సముద్రపు బూడిద రంగు ఇసుక, చాప పరిచినట్టు చదునుగా ఉంది.

"తల వెనక దెబ్బేమిటి?"

"ఎర్ర ఇసుకలో రాళ్లొస్తాయి. ఆరడుగుల పైనుంచి తొట్టెడు పడితే తగలదూ?"

"గొంతులో ఇసుక ఉందన్నాడా డాక్టరు?"

"ముక్కు దగ్గరుంది. లోపల లేదు. బరువుకి ఊపిరాడలేదని రాశాడు. అందరూ చూసినదానికి కోసి చూడటం ఎందుకని వదిలేశారు."

"ఎవరు చూశారు?"

లామర్ తడబడ్డాడు. "డెల్ తొమ్మిదింటికి ఇసుక తోయడం అందరూ చూశారు."

"అది ఇసుకని చూడటం, చావుని చూడటం కాదు. పోనీ ఇది చెప్పు. మనిషి మోకాళ్ల మీదున్నాడు, పార పక్కనుంది. గుంటేది?"

డెప్యూటీ ఫోటోని అటూ ఇటూ తిప్పాడు. "తవ్వడం మొదలెట్టలేదేమో."

"అయితే మోకాళ్ల మీద ఎందుకు కూర్చున్నాడు లామర్, ప్రార్థనకా?"

ఆ మాట క్లైడ్ రెండుసార్లు రాసుకున్నాడు.

*

శుక్రవారం తెల్లవారుతుండగా ఇద్దరూ వెర్నా మోటెల్ వెనక చెక్క మెట్ల మీద నిలబడ్డారు. వెలుతురు వచ్చింది గానీ దానివల్ల ఏమీ కనపడడం లేదు. సముద్రం ఎటుందో చప్పుడుని బట్టి ఊహించుకోవాలి. క్లైడ్‌కి తన బూట్లు కూడా సగమే కనిపిస్తున్నాయి.

అప్పుడు వినిపించింది. చర్. కొంచెం ఆగి, చర్. తరవాత ఇసుక జల్లున రాలిన చప్పుడు. చాలా దగ్గర్లో, తొందరేమీ లేని మనిషి చేస్తున్న పనిలా ఉంది. ఇరవై రెండేళ్లు కుక్కల్ని దాటుకుంటూ ఉత్తరాలు పంచిన మనిషి, ఇంత భయం ఎప్పుడూ ఎరగడు. అతను ఒక్క మెట్టు దిగగానే చెక్క కిర్రుమంది. చప్పుడు ఆగిపోయింది.

దిగి వెళ్లేసరికి ఎవరూ లేరు. గట్టు కింద నాలుగు కర్రలకి కట్టిన పోలీసు పసుపు పట్టీ మంచులో వేలాడుతోంది. దాని చుట్టూ, లోపలా బయటా, వరసగా పూడ్చిన గుంటలు. ప్రతిదాని మీదా మడమ తిప్పు. చివరి గుంట మీద ఇసుక ఇంకా తడిగా ఉంది. బూటు గుర్తులు నేరుగా అలల్లోకి దిగి మాయమైపోయాయి.

"నీళ్లలోకి వెళ్లిపోయాడు మేడమ్," అన్నాడు క్లైడ్ గొంతు తగ్గించి.

"అలల వెంబడి నడిచి, ఇంకోచోట గట్టెక్కాడు. అడుగుజాడ దొరక్కుండా పోవడానికి ఈ ఊళ్లో పిల్లలకీ తెలిసిన పద్ధతి. గుంటలు లెక్కపెట్టు."

"పద్నాలుగు."

"నడుమ?"

క్లైడ్ చూశాడు. రాయిస్ శవం పడి ఉన్నచోట, చాపెడు మేర, ఒక్క గుంటా లేదు. "మనిషి చచ్చిపోయిన చోటు కదా. భయమేసి ఉంటుంది."

"చుట్టూ పద్నాలుగు తవ్వినవాడికి భయమా? కొత్తగా వెతకడానికి వచ్చినవాడు ముందు ఎక్కడ తవ్వుతాడు చెప్పు. రాయిస్ గాస్కిన్ మోకాళ్లూనిన చోట తవ్వడూ?"

క్లైడ్ ఆ ప్రశ్ననే రాసుకున్నాడు.

మెట్ల మీద ఎవరో నిలబడి ఉన్నారు. ముప్పై ఏడేళ్ల డెల్ యాన్సీ, చెప్పుల్లేకుండా, పలచటి చొక్కాతో. పది రోజులుగా నిద్రలేని కళ్లు. "విన్నారా?" అన్నాడు. "రోజురోజుకీ దగ్గరికొస్తున్నాడు."

"డెల్, ఆ రోజు కిందకి దిగి చూశావా?" అని అడిగింది ఆగస్టా.

"రోజూ దిగేవాణ్ణండి. తొట్టి ఒంచే ముందు దిగి, ఎవరూ లేరని చూసుకుని ఎక్కేవాణ్ణి. ఆ రోజు చలేసింది. లోడర్ లోపల వెచ్చగా ఉంది." అతను మంచులోకి చూశాడు. "చలేసిందని దిగలేదు. ఇంకేం కారణం లేదు."

*

వెర్నా మోటెల్లో ఉదయం ఫలహారం అందరికీ ఒకే బల్ల మీద. ఆ వారం ఉన్న అతిథులు ఇద్దరే. మిషిగన్ నుంచి మొదటిసారి వచ్చిన చెట్ నోవాక్ భారీ మనిషి, ఖరీదైన కొత్త మిషను, గుడ్లు నాలుగు. అతని ఎదురుగా ఒహాయో మేష్టారు లీలాండ్ మెట్స్‌గర్. బళ్లో వడ్రంగం నేర్పి రిటైరయ్యాడు, ఆరు చలికాలాలుగా ఇక్కడికే సెలవులకి వస్తున్నాడు. రాయిస్ దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు.

"రాయిస్‌తో నీకు గొడవైందట," అంది ఆగస్టా నోవాక్‌తో.

"గొడవ కాదు, నలుగుర్లో తిట్టాడు. గుంటలు పూడ్చలేదని. సెలవుకొచ్చాను గానీ కూలికి రాలేదన్నాను." నోవాక్ ఫోర్కు ఆపలేదు. "ఇప్పటికీ పూడ్చను. ఉత్తరం వైపు పోయి చూడండి, బారుగా ఉంటాయి నావి."

"ఆ రోజు పొద్దున్న ఎక్కడున్నావు?"

"పక్క మీద. సాక్షి లేదు. మా ఆవిడుంటే చెప్పేది, ఈ మిషను కొన్న రోజే అలిగి పుట్టింటికెళ్లింది."

మేష్టారు నవ్వలేదు. తను వెన్న రాసిన రొట్టె డెల్ పళ్లెంలో పెట్టి, తినమన్నట్టు చేత్తో సైగ చేశాడు. "నేను ఆరున్నరకి ఇటు నించే వెళ్లానండి," అన్నాడు. "మంచులో రాయిస్ కనిపించాడు. చెయ్యి ఊపాడు. నేను దక్షిణం వైపు పోయాను. మధ్యాహ్నం దాకా నాకేం తెలీదు."

"ఆ గుంటల సంగతి మీరేమనుకుంటున్నారు?"

"చదువు చెప్పినవాణ్ణి, ఏమనను? కానీ ఈ తీరాన మునిగినవాళ్లకి శాంతి లేదంటారు. రాయిస్‌కీ లేదేమో." డెల్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఒప్పేసుకుంటే నీకూ తేలికవుతుంది నాయనా, ఆయనకీ తేలికవుతుంది. ఇతన్నేమీ అడక్కండి మేడమ్, చితికిపోయి ఉన్నాడు."

డెల్ తలూపాడు. పొయ్యి దగ్గర వెర్నా తిరిగి చూడలేదు. పది రోజులుగా ఆమె తమ్ముడికి వడ్డిస్తోంది గానీ పలకరించడం లేదని క్లైడ్ అప్పుడు గమనించాడు.

అక్కణ్ణుంచి ఓపల్ రెయినీ దుకాణానికి వెళ్లారు. మిషన్లు అమ్మడం, అద్దెకివ్వడం, దొరికినవి కొనడం ఆమె వ్యాపారం. తుంటి అరిగిపోయి కర్రతో నడుస్తుంది. నోటికి మాత్రం ఏ అరుగుదలా లేదు.

"రాయిస్ పోతే నాకు లాభం కదా, అదేగా అడగాలనుకుంటున్నావు? నిజమే. ముప్పయ్యేళ్లుగా నా ముందు నడిచి నాకు మేకులు మిగిల్చాడు. అయినా రాత్రి వాడి కోసం ఏడ్చాను, రాసుకోవయ్యా క్లైడూ."

"నువ్వు గుంటలెలా పూడుస్తావు ఓపల్?"

"ఈ తుంటితోనా? కర్రతో లాగి వదిలేస్తా. వాడిలా మడమ తిప్పితే నేనే గిర్రున తిరిగి పడతా."

"ఈ పది రోజుల్లో ఎవరేం కొన్నారు?"

"సెలవులకొచ్చినవాళ్లు ఏం కొంటారు, బ్యాటరీలు. ఆ మిషిగన్ ఆసామీ కొట్లో ఉన్నదల్లా కొన్నాడు, సన్న జల్లెడతో సహా. ఒహాయో మేష్టారూ ఒక జల్లెడ కొన్నాడు. వాళ్లావిడ గొలుసు గది ముందు ఇసుకలో పోయిందట, మిషను పలకడం లేదేమిటని అడిగాడు. సన్న గొలుసు మిషనుకి గొలుసులా వినపడదు మేష్టారూ, లంకె లంకెగా వినపడుతుంది, ఒక్క లంకె చప్పుడెంత, జల్లించుకోవాల్సిందే అన్నాను."

"ఆయన భార్య వచ్చిందా ఇక్కడికి?"

ఓపల్ కర్ర మీద వాలి ఆలోచించింది. "ఈ ఏడు నేనైతే చూళ్లేదు."

*

శనివారం మధ్యాహ్నం ఆగస్టా డెప్యూటీని వెంటబెట్టుకుని పసుపు పట్టీ దగ్గరికి వచ్చింది. ఓపల్ దగ్గర అద్దెకు తీసుకున్న మిషను క్లైడ్ చేతిలో ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే లోకం మూసుకుపోయింది. అలల హోరు లేదు, మేడమ్ మాట లేదు. చెవుల్లో సన్నటి గుంయ్ మనే నాదం ఒకటే. ఎవరైనా వెనక నిలబడ్డా తెలియదు. రాయిస్ ఆఖరి నిమిషాలు ఇలాగే ఉండి ఉంటాయనిపించి క్లైడ్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ముట్టుకోని ఆ చాపెడు చోటుకి రాగానే మిషను గట్టిగా పలికింది.

పైపైన మిగిలిన ఎర్ర ఇసుక తుడిచేసి, క్లైడ్ చేతుల్తో తవ్వాడు. అడుగున్నర లోతున ఒక కళ్లజోడు బయటపడింది. ఒక కాడ వంగిపోయి ఉంది. దాని పక్కనే, పెసరగింజంత బంగారు లంకె ఒకటి. ఎన్నేళ్లు సముద్రంలో ఉన్నా బంగారానికి నలుపు పట్టదు, నిన్న కడిగినట్టు ఉంది.

"గుంట గోడలు చూడు లామర్," అంది ఆగస్టా. "కళ్లజోడు మీద ఉన్న ఇసుక ఏ రంగు?"

"బూడిద రంగు."

"ఎర్రది ఒక్క రేణువైనా ఉందా లోపల?"

డెప్యూటీ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. కష్టపడి ఆలోచించే అవసరం లేకుండానే మొహం పాలిపోయింది. "లేదు."

"రాత్రికి ఇక్కడ ఒక మనిషిని కాపలా పెట్టు. రేపు తొమ్మిదింటికి అందర్నీ పిలుస్తున్నాను. మేష్టారు గదికి సోదా కాగితం తెచ్చుకో. కళ్లజోడు సంగతి ఎవరికీ చెప్పకు."

క్లైడ్ అలవాటుగా ఇసుక గుంటలోకి లాగబోయాడు. ఆగస్టా అతని మోచెయ్యి పట్టుకుంది. "వద్దు. ఇది తెరిచే ఉండాలి."

*

ఆదివారం తొమ్మిదింటికి అందరూ తెరిచిన గుంట చుట్టూ నిలబడ్డారు. మంచు ఇంకా అలాగే ఉంది. వెర్నా ఒక పక్క, డెల్ ఆమెకి దూరంగా ఇంకో పక్క. నోవాక్, ఓపల్, మేష్టారు, డెప్యూటీ. పసుపు పట్టీ తీసేశారు.

"ఎవరీ గుంట వదిలేసింది?" అంది ఓపల్ రాగానే, నోవాక్ వైపు చూస్తూ.

"నేనే," అంది ఆగస్టా. "డెల్, ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు. ఏదీ వదలకు."

డెల్ చెప్పాడు. లోడర్ ఎక్కడం, లోపలి వెచ్చదనం, ఒంచిన తొట్టి, ఇసుక జారిపోయిన మెత్తటి చప్పుడు. మధ్యాహ్నం బావ ఇంటికి రాలేదని అక్క అడగడం. తనే మొదటి పార పట్టుకుని తవ్వడం. బావ వేళ్లు కనపడటం. అతని గొంతు పొడిగా, ఎత్తుపల్లాలు లేకుండా సాగుతోంది. వింటున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూస్తున్నారు.

క్లైడ్ ముందు చూశాడు. తరవాత ఓపల్ చూసింది. ఆ తరవాత అందరూ చూశారు. మేష్టారు మెట్స్‌గర్ ఎడమ కాలు మెల్లగా ఇసుక లాగుతోంది. కొంచెం కొంచెంగా, మనసు ఎక్కడో పెట్టుకున్న మనిషి కాలు. గుంట నిండింది. బూటు అడుగుతో చదును చేశాడు. మడమ ఒక్కసారి తిప్పాడు.

డెల్ మాట ఆగిపోయింది.

"మేష్టారూ, మీ కాలు చూసుకోండి," అంది ఆగస్టా.

ఆయన చూసుకున్నాడు. తన కాలు కాదన్నట్టు చూశాడు.

"రాయిస్ దగ్గర ఆరేళ్లు నేర్చుకున్న పని అది," అంది ఆగస్టా. ఆమె గొంతులో విజయమేమీ లేదు. "ఈ గుంటని మీరు పూడ్చడం ఇది రెండోసారి. మొదటిసారి పూడ్చినప్పుడు ఇందులో రాయిస్ కళ్లజోడు పడి ఉంది." కోటు జేబులోంచి కళ్లజోడు తీసి పట్టుకుంది. వెర్నా చిన్నగా మూలిగింది.

"నిన్న దీన్ని ఇక్కడే తవ్వి తీశాం. రాయిస్ తవ్వుతుండగా ఇసుక మీద పడి ఉంటే, ఈ గుంట నిండా ఎర్ర ఇసుక ఉండాలి. లేదు. బూడిద రంగు ఇసుకతో పూడ్చి, గట్టిపరిచి ఉంది, దాని పైన ఎర్రది పడింది. అంటే కళ్లజోడు జారిపోయాక, లోడర్ రాకముందు, ఎవరో నింపాదిగా గుంట పూడ్చారు. కళ్లజోడు లేకపోతే చెయ్యి కనపడని మనిషి దాన్ని పాతిపెట్టి మడమ తిప్పడు. రాయిస్ అప్పటికే పడిపోయి ఉన్నాడు."

"నేను కాదు," అన్నాడు నోవాక్.

"నువ్వు కాదని మొదటి రోజే తెలుసు. నువ్వు చంపి ఉంటే గుంట తెరిచే ఉండేది. ఓపల్ కర్రతో లాగుతుంది, మడమ తిప్పలేదు. ఇంకొకటి. ఇన్ని రోజులుగా ఇక్కడ తవ్వినవాడు చుట్టూ అంతా తవ్వి ఈ చోటు వదిలేశాడు. ఇక్కడ ఉన్నది అప్పటికే తీసుకున్నవాడికే ఇక్కడేమీ లేదని తెలుస్తుంది. తెగిన గొలుసు రెండో ముక్క కోసం జల్లెడ పట్టుకు తిరిగాడు. ఈ ఏడు రాని భార్య గొలుసు పోయిందని ఓపల్‌కి చెప్పాడు."

డెప్యూటీ జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. జానెడు బంగారు గొలుసు, ఒక కొస తెగి ఉంది. "పొద్దున్న మీ గదిలో, బ్యాటరీ డబ్బాలో దొరికింది మేష్టారూ."

మెట్స్‌గర్ ఆ గొలుసు వైపు చూశాడు. తరవాత పిల్లలకి లెక్క చెబుతున్నట్టు నెమ్మదిగా మొదలెట్టాడు.

"ఆరేళ్లు. నాకు దొరికింది నల్లబడ్డ వెండి ముక్క ఒక్కటి. ఆ రోజు నేను దాటి వెళ్లిన చోటే, నా అడుగుల్లోనే వంగి, కంటితో చూసి, తవ్వి తీశాడు. మిషనుకి వినపడనిది ఆయనకి కనపడింది. నాకు చూపించలేదు కూడా. చెవులకి అవి పెట్టుకుని తనలో తను నవ్వుకుంటున్నాడు. నా చేతిలో పార ఉంది." ఆగాడు. "పూడ్చినట్టు నాకు గుర్తే లేదు. నిజం చెబుతున్నా. గుర్తు లేదు."

"గట్టు మీద ఇసుక పోస్తారని తెలుసు కదా," అంది ఆగస్టా.

"అప్పటికి మూడు రోజులుగా పోస్తున్నారు. తెలుసు."

"తెలిసీ డెల్ చేత ఒప్పించబోయారు. అతని రొట్టెకి వెన్న రాస్తూ."

లామర్ ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకోబోతే డెల్ అడ్డం వచ్చాడు. కొడతాడేమోనని క్లైడ్ కదిలాడు. డెల్ కొట్టలేదు.

"ఒక్కటి చెప్పండి," అన్నాడు. "నేను ఇసుక పోసేటప్పటికి మా బావ బతికున్నాడా?"

మంచులో అల ఒకటి విరిగి వెనక్కి పోయింది.

"లేదు," అన్నాడు మెట్స్‌గర్. "మెడ పట్టుకు చూశాను. ఒళ్లు చల్లబడేదాకా పక్కనే కూర్చున్నాను. నీ బండి చప్పుడు అప్పటికింకా మొదలవలేదు."

"ఆయన మాట నమ్మక్కర్లేదు డెల్," అంది ఆగస్టా. "గొంతులో ఒక్క రేణువు ఇసుక లేదని డాక్టరు రాసిందే ఉంది. ఊపిరి ఉన్నవాడు ఇసుక పీలుస్తాడు. మీ బావకి నీ ఇసుక తగిలిందని కూడా తెలీదు."

డెప్యూటీ మేష్టార్ని మెట్లవైపు తీసుకెళ్లాడు. నోవాక్, ఓపల్ వెనకే వెళ్లారు. డెల్ ఉన్నచోటే తడి ఇసుకలో కూలబడ్డాడు. ఏడవడం లేదు. అరచేతులు తిప్పి చూసుకుంటున్నాడు.

వెర్నా వచ్చి అతని ముందు నిలబడింది. పన్నెండు రోజుల తరవాత మొదటి మాట.

"నిన్ను కాపాడమని నేను ఈవిడ దగ్గరికి వెళ్లలేదురా డెల్. నువ్వే చంపావని ఈవిడ ఖాయం చేస్తే, నిన్ను తనివితీరా ద్వేషించుకుంటూ బతుకుదామని వెళ్లాను. సగం అనుమానంతో ద్వేషించడం నాకు చేతకాలేదు."

"తెలుసక్కా," అన్నాడు డెల్. "అందుకే ఒప్పుకుంటానన్నాను."

వెర్నా అతని పక్కన, ఆ తడి ఇసుకలోనే కూర్చుంది. క్లైడ్ ఈసారి ఏమీ రాసుకోలేదు. ఆగస్టా అతని మోచెయ్యి తట్టింది, ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కారు.